చూసి రాస్తే ముత్యాలు, చెప్పి రాయిస్తే తప్పులు: మా పాప ‘అమ్మ’ను ‘అమ’ అని ఎందుకు రాస్తోంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీ పాప హైదరాబాద్‌లో ఇంగ్లిష్ మీడియం బడిలో రెండో తరగతి చదువుతోంది. పుస్తకం చూసి రాస్తే అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి. మీరు చెప్పి రాయమంటే మాత్రం ‘అమ్మ’ను ‘అమ’ అని, ‘చెట్టు’ను ‘చెటు’ అని, ‘పండు’ను ‘పడు’ అని, ‘వచ్చింది’ని ‘ఒచింది’ అని రాస్తోంది. ట్యూషన్‌లో తప్పు పోయిన ప్రతి మాటనూ 50 సార్లు రాయిస్తున్నారు, అయినా మర్నాటికి మళ్లీ అవే తప్పులు. ఇది డిస్లెక్సియా, అంటే తెలివికి లోటు లేకపోయినా చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది ఏమోనని మీకు టెన్షన్‌గా ఉంది.

నేను చాలా ఏళ్లు ఒకటి, రెండు తరగతులకు తెలుగు చెప్పాను. ఇప్పుడు కొత్తగా వచ్చే టీచర్లకు శిక్షణ ఇస్తున్నాను. ముందుగా ఒక మాట గట్టిగా చెబుతాను. మీరు రాసిన నాలుగు తప్పుల్లో ఒక్కటి కూడా అడ్డదిడ్డంగా వచ్చింది కాదు. మీ పాప విని, ఆలోచించి రాస్తోంది. ఆ ఆలోచన ఎక్కడిదాకా వచ్చి ఆగిందో ఆ తప్పులే చెబుతున్నాయి. దాన్ని చదవడం మనం నేర్చుకోవాలి.

చూసి రాయడం, విని రాయడం రెండూ వేర్వేరు పనులు. చూసి రాసేటప్పుడు పిల్ల చేసేది బొమ్మను చూసి గీయడమే. మాట పలకక్కర్లేదు, అందులో ఏ శబ్దం ఉందో తెలియక్కర్లేదు, అర్థం కూడా తెలియక్కర్లేదు. విని రాసేటప్పుడు మాటను నోట్లో తిప్పుకోవాలి, ముక్కలు చేసుకోవాలి, ఒక్కో ముక్కకు ఏ గుర్తు వాడాలో గుర్తు తెచ్చుకోవాలి, రాస్తున్నంతసేపూ మిగతా మాట మర్చిపోకూడదు. ఇన్ని పనులు ఒకేసారి జరగాలి. ముచ్చటైన కాపీ నోట్‌బుక్ చూసి మన ఇళ్లలో, చాలా బడుల్లో కూడా, పిల్లకు రాయడం వచ్చేసిందని అనుకుంటాం. ఆ నోట్‌బుక్ చెప్పేది చెయ్యి కుదిరిందన్న సంగతి ఒక్కటే. రాయడం ఎంతవరకు వచ్చిందో తెలియాలంటే ఎవరూ చెప్పకుండా పాప తనంతట తాను రాసిన చీటీ చూడాలి.

ఇదంతా రెండో తరగతిలో మొదలయ్యేది కాదు. మూడు నాలుగేళ్ల పిల్లలు గీతలు గీకి, ‘ఇది నా పేరు’, ‘ఇది అమ్మమ్మకి ఉత్తరం’ అంటారు. బొమ్మ వేరు, రాత వేరు అని అప్పటికే వాళ్లకు తెలుసు. అర్జెంటీనాకు చెందిన ఎమీలియా ఫెరేరో, అనా తెబెరోస్కీతో కలిసి స్పానిష్ మాట్లాడే చిన్నపిల్లల మీద చేసిన పరిశోధన 1979లో వెలువడింది. అక్షరాలు రాని పిల్లలకు కూడా రాత గురించి సొంత సిద్ధాంతాలు ఉంటాయని వాళ్లు చూపించారు. ఒకటి రెండు అక్షరాలుంటే అది మాటే కాదనుకుంటారు, పెద్ద జంతువు పేరు పెద్దగా రాయాలనుకుంటారు. తర్వాత కొన్నాళ్లకు, నోటితో పలికే ఒక్కో ముక్కకు ఒక్కో అక్షరం చొప్పున రాస్తారు.

ఆఖరుగా చెప్పిన ఆ దశ దగ్గరే మన పిల్లల కథ వేరుగా ఉంటుంది. స్పానిష్, ఇంగ్లిష్ పిల్లలు ఆ దశను దాటి పోవాలి, ఎందుకంటే వాళ్ల లిపిలో ఒక్కో అక్షరం అంతకంటే చిన్న శబ్దానికి గుర్తు. తెలుగు లిపి మాత్రం చాలావరకు ఆ ముక్కకే గుర్తు. అందుకే ‘తల’, ‘పలక’, ‘కమల’ లాంటి మాటలు మన పిల్లలకు తొందరగా పట్టుబడతాయి. చప్పట్లు కొడుతూ ప-ల-క అంటే మూడు చప్పట్లు, మూడు అక్షరాలు. ఇంత తేలికగా మొదలైంది కదా, ఇక అన్నీ వచ్చేస్తాయని అనుకుంటాం. కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. అది మాటలో కాదు, అక్షరం లోపల.

‘కి’ అనే అక్షరంలో రెండు శబ్దాలున్నాయి. అవి రెండని పిల్లకు వినపడదు. ఆమెకు ‘కి’ ఒకే శబ్దం. అందుకే ‘కి’, ‘కీ’, ‘కు’ అన్నిట్లో ఉన్నది ఒకే ‘క్’ అనీ, ‘కి’, ‘గి’, ‘చి’ అన్నిట్లో ఉన్నది ఒకే ‘ఇ’ అనీ తట్టడానికి చాలా కాలం పడుతుంది. తెలుగు లిపికి తోబుట్టువు లాంటి కన్నడ లిపి మీద సోనాలీ నాగ్ చేసిన పరిశోధన 2007లో అచ్చయింది. అక్షరాలన్నీ పట్టుబడటానికి అక్కడి పిల్లలకు బడిలో మొదటి రెండు మూడేళ్లు చాలడం లేదనీ, అక్షరం లోపలి చిన్న శబ్దాలను విడదీసి వినడం ఇంకా నెమ్మదిగా వస్తుందనీ అందులో తేలింది. మన పిల్లల్లో నేను చూసిందీ అదే. కాబట్టి రెండో తరగతిలో ఒత్తులు తప్పుతున్నాయంటే పాప వెనకబడిందని కాదు. ఆమె సరిగ్గా దారి మధ్యలో ఉంది.

పైగా ఈ గుర్తులు కూడా ఒకేలా ఉండవు. ‘క’కు తలకట్టు ఉంటుంది, గుడి ఇస్తే అది పోతుంది. ‘జ’, ‘ట’, ‘బ’, ‘ల’ లకు అసలు తలకట్టే లేదు. ‘కొ’, ‘గొ’ రాయడం వచ్చిన పిల్ల ‘మొ’, ‘యొ’ దగ్గర ఆగిపోతుంది, ఎందుకంటే అవి వేరేలా ఉంటాయి. ‘సు’లో కొమ్ము పక్కన ఉంటే ‘వు’, ‘పు’లలో కిందికి దిగుతుంది. ‘వ’కు పక్కన కొమ్ము ఇస్తే అది ‘మ’లా కనిపిస్తుంది కాబట్టి అలా దించారని పిల్లలకు చెబితే చాలా ఇష్టంగా వింటారు. ఇలాంటి కారణం ఒకటి చెబితే పదిసార్లు రాయించినంత పని జరుగుతుంది.

ఇప్పుడు మీ పాప తప్పుల దగ్గరికి వద్దాం.

‘పడు’తో మొదలుపెడతాను. ‘పండు’లో సున్న పలికేటప్పుడు నాలుక ‘డ’ పలికే చోటే ఉంటుంది, గాలి మాత్రం ముక్కులోంచి పోతుంది. అది విడిగా ఒక శబ్దమని పిల్లకు అనిపించదు, ముందున్న ‘ప’ కాస్త ముక్కుతో పలికినట్టు అనిపిస్తుంది. చార్లెస్ రీడ్ అనే అమెరికన్ పరిశోధకుడు, బడికి వెళ్లకముందే సొంతంగా ఇంగ్లిష్ రాస్తున్న చిన్నపిల్లల రాతలను పోగుచేసి 1971లో ఒక వ్యాసం రాశారు. వాళ్లూ ఇలాంటి చోటే ‘ఎన్’, ‘ఎమ్’ అక్షరాలు వదిలేశారు. అంటే ఇది తెలుగు పిల్లల అజాగ్రత్త కాదు, మనిషి చెవికే అక్కడ కష్టం ఉంది. దీనికి మందు చాలా చిన్నది. పాప వేలు ముక్కు మీద పెట్టించి ‘పడు’ అనమనండి, తర్వాత ‘పండు’ అనమనండి. రెండోసారి ముక్కు అదురుతుంది. ‘అదిరిందా? అయితే సున్న ఉంది’ అని చెప్పండి. ‘గంప’, ‘వంకాయ’, ‘మంచం’, ‘బండి’, ఇలా రోజుకు నాలుగు మాటలు, రాత లేకుండా ముక్కు మీద వేలుతోనే. కొన్నాళ్లకు వేలు అవసరం ఉండదు.

‘అమ’, ‘చెటు’ అసలైన పెద్ద మలుపు. ఇక్కడ పాపకు శబ్దం వినపడుతోంది. ‘అమ’ అని మీరు పలికితే ‘తప్పు’ అంటుంది, కావాలంటే అడిగి చూడండి. కానీ ‘మ్మ’లో ‘మ’ రెండుసార్లు ఉందన్న సంగతి ఆమెకు తెలీదు. ‘కొంచెం గట్టి మ’ అనుకుంటుంది. ‘అమ్మ’ అనేటప్పుడు పెదవులు మూసుకుని కాసేపు అలాగే ఉంటాయి. అద్దం ముందు నిలబెట్టి చూపించండి. ‘అమ్... మ’ అని మధ్యలో ఆపించండి. ‘చెట్... టు’ అన్నప్పుడు నాలుక పైన అతుక్కుని ఎంతసేపు ఆగిందో గమనించమనండి. ఆగిన చోటే ఒత్తు. తర్వాత జంటలు తీసుకోండి: గుడి, గుడ్డి. గడి, గడ్డి. పీట, పిట్ట. మీరు ఒకటి పలకండి, పాప ఒత్తు ఉంటే చెయ్యి ఎత్తాలి. ఆ తర్వాత పాప పలకాలి, మీరు ఎత్తాలి. మీరు కావాలని ఒకటి రెండుసార్లు తప్పు ఎత్తండి, పట్టుకుంటుంది. పట్టుకున్న రోజు మీకు తెలిసిపోతుంది, చెవి సిద్ధమైందని.

చెవి సిద్ధమయ్యాక కూడా చేతికి ఇంకో చిక్కు ఉంది, దీన్ని పెద్దవాళ్లు దాదాపు ఎవరూ గమనించరు. ‘చెట్టు’లో కొమ్ము ఎక్కడుంది? పై ‘ట’కు. కానీ ‘ఉ’ శబ్దం వినపడేది ఎక్కడ? రెండో ‘ట’ తర్వాత, అంటే ఒత్తు పలికాక. మనం రాసే వరుస ఒకటి, పలికే వరుస మరొకటి. ‘స్కూలు’లో అయితే ‘ఊ’ గుర్తు ‘స’ మీద ఉంటుంది, శబ్దం మాత్రం ‘క’ తర్వాత వస్తుంది. అందుకే పిల్లలు దాన్ని ‘సూకులు’ అని చదువుతారు, ‘సకూలు’ అని రాస్తారు. ‘సూర్యుడు’, ‘పుస్తకం’, ‘స్త్రీ’ అన్నిట్లోనూ ఇదే ఇబ్బంది. ఒకసారి నోటితో చెప్పి వదిలేస్తే ఇది రాదు. గళ్ల నోట్‌బుక్‌లో పెద్దగా రాసి చూపించండి: పైన ఉన్నది ముందు పలుకుతాం, కింద ఉన్నది తర్వాత పలుకుతాం, పై అక్షరానికి ఇచ్చిన గుర్తును అన్నిటికంటే చివర పలుకుతాం. పాప వేలితో ఆ వరుసలో తాకుతూ పలకాలి. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోండి. త, న, మ, య, ర, ల ఒత్తులకు అసలు అక్షరం పోలికే ఉండదు. మనం రోజూ వాడే మాటల్లో ఎక్కువగా వచ్చేవి కూడా అవే. ‘గ్గ’, ‘డ్డ’, ‘ట్ట’, ‘ప్ప’, ‘బ్బ’ లాంటి పోలిక ఉన్న ఒత్తులతో మొదలుపెట్టి, ఆ పోలిక లేని ఆరింటిని అన్నం, అమ్మ, అత్త, అయ్య, కర్ర, పిల్లి అని తెలిసిన మాటలతో ఒక్కొక్కటిగా నేర్పితే భారం తగ్గుతుంది.

ఇక ‘ఒచింది’. ఇది చూసి నాకు నిజంగా సంతోషం వేసింది. ఒకసారి మీరే మామూలుగా, పుస్తకం చదివినట్టు కాకుండా, ‘అమ్మమ్మ వచ్చింది’ అనండి. మనలో చాలామంది పలికేది ‘ఒచ్చింది’ అనే. మీ పాప చెవి అబద్ధం చెప్పలేదు. మనం ‘వ’ అని రాయడం అలవాటైపోయి ‘వ’ అనే పలుకుతున్నామని అనుకుంటున్నాం. రీడ్ సేకరించిన రాతల్లో కూడా ఇలాంటిదే ఉంది. ‘ట్రక్’ అనే మాటను పిల్లలు టీ-ఆర్‌తో కాకుండా సీ-హెచ్-ఆర్‌తో మొదలుపెట్టారు. ఇంగ్లిష్ వాళ్ల నోట్లో ఆ శబ్దం నిజంగానే ‘చ్ర’కు దగ్గరగా ఉంటుంది. స్పెల్లింగ్ నేర్చుకున్న పెద్దవాళ్లకు అది వినపడడం మానేసింది.

ఇలాంటి తప్పులను చెవితో సరిచేయలేం. ‘సరిగ్గా విను’ అని ఎంత చెప్పినా లాభం లేదు, సరిగ్గా వింటేనే తప్పు వస్తోంది కాబట్టి. ‘బాధ’ను ‘బాద’ అని, ‘శనివారం’ను ‘సనివారం’ అని, ‘పెళ్లి’ని ‘పెల్లి’ అని రాయడం కూడా ఈ కోవలోదే. చాలా ఇళ్లలో మాట్లాడేటప్పుడు ‘ద’కు ‘ధ’కు, ‘శ’కు ‘స’కు తేడా వినపడదు. ఇవి కంటితోనే రావాలి, అంటే ఆ మాట పుస్తకాల్లో మళ్లీ మళ్లీ కనపడాలి. కాబట్టి రెండో తరగతిలో వీటికి మార్కులు కోయొద్దని నేను టీచర్లకు చెబుతాను. ఇంట్లో మీరూ పట్టించుకోవద్దు. చదవడం పెరిగేకొద్దీ సర్దుకుంటాయి. అన్నట్టు, ‘నీళ్ళు’, ‘నీళ్లు’ రెండూ అచ్చులో కనిపిస్తాయి. పాప ఏది రాసినా ఒప్పే. అలాగే మీ ఇంట్లో ‘పోయిండు’ అంటే పాప ‘పోయిండు’ అనే రాస్తుంది. అది స్పెల్లింగ్ తప్పు కానే కాదు, మీ ఇంటి తెలుగు. పాఠ్యపుస్తకంలో మరోలా ఉంటుందని మెల్లగా చెప్పండి, అంతకు మించి వద్దు.

50 సార్లు రాయించడం గురించి అడిగారు. దయచేసి ఆపించండి. మొదటి మూడు సార్లు పాప మాటను చూస్తుంది. ఆ తర్వాత చెయ్యి మాత్రమే కదులుతుంది. చాలామంది పిల్లలు ముందు అన్ని వరుసల్లోనూ ‘అ’ రాసి, తర్వాత అన్నిటికీ ‘మ’ రాసి, చివర ఒత్తులు పెట్టుకుంటూ పోతారు. అక్కడ ‘అమ్మ’ అనే మాటే లేదు. అందుకే మర్నాటికి మళ్లీ అదే తప్పు. దానికి బదులు, మాట చూపించండి, పాప పలకాలి, కష్టమైన చోటు ఏదో వేలితో చూపించాలి, పుస్తకం మూసేయాలి, గుర్తుంచుకుని రాయాలి, తెరిచి తనే సరిచూసుకోవాలి. ఒక్కసారి చాలు. మర్నాడు మళ్లీ ఒకసారి, వారం తర్వాత ఇంకోసారి. రోజుకు ఐదు మాటలు మించొద్దు.

దీంతోపాటు పాప చేత నిజమైన రాతలు రాయించండి. కూరగాయల చీటీ, నాన్నకు రాసే చిన్న ముక్క, ఫ్రిజ్ మీద అతికించే ‘నా చాక్లెట్ తీయొద్దు’ లాంటివి. అక్కడ తప్పులు ఎర్ర పెన్నుతో కొట్టకండి. అలాగని చూసీ చూడనట్టు వదిలేయకండి కూడా. కెనడాలో జీన్ వెలెట్, మోనిక్ సెనెషాల్ 2008లో ప్రచురించిన అధ్యయనంలో, ఐదేళ్ల పిల్లల చేత సొంతంగా రాయించి, వాళ్లు రాసినదానికి ఒక్క మెట్టు మాత్రమే పైన ఉన్న రూపం చూపిస్తూ వచ్చారు. ఆ పిల్లలు కొత్త మాటలు చదవడం మిగతావాళ్లకంటే బాగా నేర్చుకున్నారు. ఆ ‘ఒక్క మెట్టు’ చాలా ముఖ్యం. పాప ‘వకయ’ అని రాసిందనుకోండి. మూడు అక్షరాలూ సరిగ్గా పట్టుకుందని ముందు చెప్పండి. ‘కయ’ అంటామా, ‘కాయ’ అంటామా అని అడగండి. దీర్ఘం పెడుతుంది. ఆ రోజుకు అక్కడితో ఆపండి. సున్న సంగతి రేపు, ముక్కు మీద వేలుతో.

గుణింతాలు కంఠస్థం చేయించాలా అని చాలామంది అడుగుతారు. చేయించండి, ఆ లయలో మంచి బలం ఉంది. కానీ ‘క కా కి కీ’ ఒక్కటే కాకుండా నిలువుగా కూడా పలికించండి: కి, గి, చి, జి, టి, డి. అడ్డంగా పలికితే హల్లు నిలబడి అచ్చు మారుతుంది, నిలువుగా పలికితే అచ్చు నిలబడి హల్లు మారుతుంది. అక్షరం లోపల రెండు శబ్దాలున్నాయన్న సంగతి పిల్లకు తెలిసేది ఈ రెండో దానివల్లే. బడుల్లో దీన్ని ఎక్కువగా చేయించకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఇంగ్లిష్ సంగతి కొంచెమే చెబుతాను, మీ ప్రశ్న తెలుగు గురించి కాబట్టి. అక్కడ కూడా పాప తెలుగు చెవితోనే వింటుంది. ‘వాటర్’ను ‘వీ’తో మొదలుపెట్టడం, ‘జూ’ను ‘జే’తో రాయడం, ‘స్కూల్’ ముందు ‘ఐ’ చేర్చడం మామూలే. అవి తెలివితక్కువ తప్పులు కావు, మన శబ్దాలను ఆ అక్షరాల్లో వెతుక్కోవడం. రెండు భాషలూ కలిస్తే గందరగోళం అవుతుందని తెలుగు తగ్గించమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. తెలుగులో ఒత్తు దగ్గర ఆగి శబ్దాన్ని విడదీసి వినడం నేర్చుకున్న పిల్లకు ఇంగ్లిష్ మాటల్లో శబ్దాలు విడదీయడానికి కూడా అదే చెవి పనికొస్తుంది. తెలంగాణలో 2018 చట్టం తర్వాత ఇంగ్లిష్ మీడియం బడుల్లో కూడా తెలుగు తప్పనిసరి అయింది, కానీ చాలాచోట్ల దానికి దొరికేది రోజుకు ఒక్క పీరియడ్. ఆ కాస్త సమయం కాపీ రాతకే పోతోంది. విని రాయడం, గట్టిగా చదవడం ఇంట్లో మీరే చూసుకోవాలి. రాత్రి పడుకునే ముందు పది నిమిషాలు, మాట కింద వేలు కదుపుతూ ఒక చిన్న కథ చదివి వినిపించండి. చెవికి అందని ‘వ’, ‘ధ’, ‘శ’ కంటికి చేరే దారి ఇదే.

ఇక డిస్లెక్సియా. మీరు రాసిన వివరాలు చూస్తే నాకు ఆ అనుమానం రావడం లేదు. ఇంటి దగ్గర కూర్చుని ఎవరూ తేల్చి చెప్పలేని విషయమే అయినా, ఏం గమనించాలో చెప్పగలను. ప్రాసలు, చప్పట్ల ఆటలు కూడా రాకపోవడం, నిన్న వచ్చిన అక్షరం ఇవాళ పూర్తిగా కొత్తదైపోవడం, ఒకే మాటను ఒకే పేజీలో నాలుగు రకాలుగా, శబ్దంతో సంబంధం లేకుండా రాయడం, ఇంట్లో మరెవరికైనా చదవడంలో ఇలాంటి ఇబ్బంది ఉండటం, ఇవన్నీ కలిసి కనపడితే ఆలస్యం చేయకుండా చూపించాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఇలాంటి అభ్యసన ఇబ్బందులు కూడా ఉన్నాయి. కేంద్రం 2018లో ఇచ్చిన మార్గదర్శకాలు మూడో తరగతిలో గానీ ఎనిమిదేళ్ల వయసులో గానీ, ఏది ముందైతే అప్పుడు, బడిలోనే మొదటి పరిశీలన జరగాలని చెప్పాయి. కాబట్టి వచ్చే ఏడాది బడిని అడిగే హక్కు మీకుంది.

దానికంటే ముందు ఒక పని చేయండి. పాపకు తరచూ జలుబు చేస్తుందా, చెవిపోటు వస్తుందా, టీవీ సౌండ్ పెంచుతుందా? అయితే ఈఎన్‌టీ డాక్టర్‌తో వినికిడి పరీక్ష చేయించండి. చెవిలో నీరు చేరిన పిల్లలకు మాటలు మూసుకుపోయినట్టు వినపడతాయి, సున్నలు, ఒత్తులు తప్పడానికి ఇంకో కారణం తోడవుతుంది. అది బాగుందని తేలితే, ముక్కు మీద వేలుతో మొదలుపెట్టండి. పాప తనంతట తాను రాసిన చీటీని ఇప్పుడొకటి, మూడు నెలల తర్వాత ఇంకొకటి ఫొటో తీసి, కింద తారీఖు వేసి పెట్టండి. చెప్పి రాయించింది కాదు, తను రాసుకున్నది. ఇప్పటి చీటీ పక్కన పెట్టి చూసి, సున్నలు వచ్చి ఒత్తులు ఇంకా రాకపోతే అది ముందుకు నడిచినట్టే, అప్పుడు గుడి-గుడ్డి జంటలతో ఇంకొన్నాళ్లు ఆడించండి. రెండూ కదలకపోతే ఆ రెండు చీటీలూ పట్టుకుని క్లాస్ టీచర్‌ను కలవండి. ఏ రిపోర్ట్ కార్డు కంటే ఆ రెండు కాగితాలే ఆమెకు ఎక్కువ చెబుతాయి.